ఎక్కడమా, దిగడమా

అల్లుడు కారు కొన్నది అత్తగారి కోసమే. ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు గానీ వీధి వీధంతా తెలుసు. పాతది, చిన్నది, ఎర్రది. అతని భార్య దానికి అగ్గిపెట్టె అని పేరు పెట్టింది. తీరా ఎవరి కోసం కొన్నాడో ఆవిడ ఒక్కతే అందులోకి వెళ్ళలేకపోతోంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే కాబోలు అనుకున్నాడు.

అత్తగారు బట్టలు కుట్టే పెద్ద షాపులో కటింగ్ మాస్టరు. ముప్ఫై ఏళ్ళుగా అందరూ మాస్టరమ్మ అనే పిలుస్తారు. ఏడు నెలల క్రితం స్నానాలగదిలో జారిపడి కుడి తుంటి విరగ్గొట్టుకుంది. డాక్టర్లు లోపల కొత్త కీలు పెట్టారు. ఇప్పుడు చేతికర్రతో ఇల్లంతా తిరుగుతుంది, బట్ట కత్తిరించే బల్ల దగ్గర నాలుగు గంటలు నిలబడమన్నా నిలబడుతుంది. కానీ ఆ కాలు మరీ మడవకూడదు, మడిస్తే కీలు తప్పుతుందని గట్టిగా చెప్పారు. బస్సు మెట్లూ, ఆటో కుదుపులూ ఆవిడ వల్ల కావు. షాపుకు వెళ్ళాలంటే అగ్గిపెట్టే దిక్కు.

బుధవారం షాపు ఓనరు ఫోన్ చేశాడు. "మాస్టరమ్మా, ఏడు నెలలుగా మీ బల్ల ఖాళీగా ఉంచాను. ఇక నా వల్ల కాదు. సోమవారం పదింటికి రండి. మీ అంతట మీరు కారు దిగి లోపలికొస్తే బల్ల మీది. ఎవరో ఎత్తి దించాలంటే మాత్రం, ఏమనుకోకండి, నేను వేరే మనిషిని చూసుకుంటాను."

"సరే బాబూ" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

గురువారం అందరూ కలిసి ప్రయత్నించారు. అత్తగారికి నడక తగ్గుతుందని అల్లుడు కారుని పేవ్‌మెంటుకి ఆనించి మరీ ఆపాడు. "ఎక్కండి అత్తయ్యా, ఎక్కండి" అని తలుపు తీశాడు. భార్య అవతలి వైపు నుంచి దూరి తల్లి చెయ్యి పట్టుకుని లాగింది.

"ఎక్కమ్మా! కాలెత్తు! ఇంకొంచెం ఎత్తు!"

ఎదురింటి రిటైర్డ్ గుమాస్తా గేటు మీద మోచేతులు ఆనించి, "ముందు తల పెట్టించండి, కాళ్ళు వాటంతటవే వస్తాయి" అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. తల పెట్టించారు. ఆవిడ సగం లోపల, సగం బయట ఇరుక్కుపోయింది. తలుపు పట్టుకుంటే తలుపు కదిలింది. ఆవిడని వెనక్కి తెచ్చేసరికి అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది. నడుం పట్టుకుని ఎత్తేద్దామా అని అల్లుడికి అనిపించింది గానీ, అత్తగారిని ఎత్తుకున్న అల్లుణ్ణి లోకంలో ఎవరు చూశారు?

"పోనీలేమ్మా, చేసింది చాలు. ఇంట్లోనే ఉండు" అంది కూతురు.

ఆవిడ తల తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. అల్లుడికి ఆ కారు కొన్నందుకే సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే అతను పళ్ళు తోముకుంటూ బయటికి వచ్చేసరికి మాస్టరమ్మ కారు పక్కన నిలబడి ఉంది. మెడలో టేపు, చేతిలో సుద్దముక్క.

"అల్లుడుగారూ, తలుపు పూర్తిగా తీసి ఈ కొస పట్టుకోండి."

నేల నుంచి సీటు దాకా కొలిచింది. తలుపు సందు కొలిచింది. సీటు నుంచి పైకప్పు దాకా కొలిచింది. చివరికి టేపు కొస మడమ కింద అతనిచేత పెట్టించి, తన మోకాలి మడత దాకా కొలుచుకుంది. టేపు మళ్ళీ మెడలో వేసుకుని, ఉన్నట్టుండి నవ్వింది.

"సీటు నా మోకాలికంటే నాలుగు వేళ్ళు కిందుంది. మీరు నన్ను పేవ్‌మెంటు మీద నిలబెట్టారు కదా, ఇంకో జానెడు కిందకి పోయింది. మీరంతా ఎక్కు, ఎక్కు అంటుంటే నేనూ కాలెత్తాను. బస్సు ఎక్కుతాం, మేడ ఎక్కుతాం. ఇందులో ఎక్కడానికేముందండీ? ఇది దిగేది! లోపలికెళ్ళేటప్పుడు దిగాలి, బయటికొచ్చేటప్పుడు ఎక్కాలి. మాటే తలకిందులైతే పనెలా అవుతుంది?"

అల్లుడు నోరు తెరిచాడు. పేస్టు నురుగు చొక్కా మీద పడింది. ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళుగా ఫిట్టరు పని చేస్తున్నాడు, వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టుకుంటాడు. అలాంటివాడికి సీటు ఎత్తు కొలవాలని తోచనే లేదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ గట్టి స్పాంజిని నాలుగు వేళ్ళ మందాన కోసింది. పైన కోటు లోపల వేసే నున్నటి శాటిన్, అడుగున గరుకు గోనెగుడ్డ వేసి కుట్టింది. "పైన నేను జారాలి, కింద అది జారకూడదు" అంది. మెత్త వేస్తే తలకి పైకప్పు రెండు వేళ్ళు తక్కువవుతుందని ముందే లెక్క కట్టి, సీటు వెనక్కి జరిపించి, వీపు భాగం వాల్పించింది. వేసి చూస్తే తలకీ కప్పుకీ మధ్య సరిగ్గా ఒక వేలు సందు మిగిలింది.

శని, ఆదివారాలు సాధన. దిగడం తొందరగానే వచ్చింది. ఎక్కడమే రాలేదు. నాలుగుసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారి లేచింది. అల్లుడు ఆగలేక చెయ్యి అందించాడు.

"చేతులు వెనక్కి పెట్టుకోండి. రేపు అక్కడ మీ చేతులు లెక్కలోకి రావు" అందావిడ.

సోమవారం కారు పేవ్‌మెంటుకి దూరంగా, రోడ్డు మీద నిలిచింది. మాస్టరమ్మ కారుకి వీపు చూపించి, మోకాళ్ళ వెనక సీటు తగిలేదాకా వెనక్కి నడిచింది. కుడికాలు ముందుకి చాపింది. ఒక చెయ్యి సీటు మీద, ఒకటి కారు చట్రం మీద. తలుపుని మాత్రం నమ్మలేదు. తల వంచి, నెమ్మదిగా దిగింది. శాటిన్ మీద వెనక్కి జారి, రెండు కాళ్ళనీ కలిపి లోపలికి తిప్పుకుంది. ఎదురింటి గుమాస్తా సలహా ఇవ్వడం మర్చిపోయాడు.

షాపు ముందు ఓనరు నిలబడి ఉన్నాడు. అద్దం వెనక కుట్టుపనివాళ్ళు గుమిగూడారు.

"దిగండి మాస్టరమ్మా, మెల్లిగా దిగండి" అన్నాడు ఓనరు.

"దిగడం ఇంటి దగ్గరే అయిపోయిందండీ. ఇప్పుడు ఎక్కుతారు" అన్నాడు అల్లుడు. ఓనరుకి అర్థం కాలేదు.

ఆవిడ కాళ్ళు బయటికి తిప్పి, అంచుకి జరిగింది. లేచింది. నాలుగు వేళ్ళు లేచి మళ్ళీ కూలబడింది. ఓనరు చూపు నేల మీదికి దించాడు. వెనక పెట్టుకున్న అల్లుడి చేతులు కదిలాయి. అతను ఒక చేత్తో రెండో చేతి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"పదిసార్లు కొలువు, ఒక్కసారి కత్తిరించు" అని ఆవిడ తనలో తను అనుకోవడం వినిపించింది. ఇంకో అంగుళం ముందుకి జరిగింది. ఎడమ పాదం సీటు కిందకి లాక్కుంది. చేతుల నరాలు ఉబ్బాయి. లేచింది. ఇంకా లేచింది. టన్నుల బరువు పైకి లేవడం అతను ఫ్యాక్టరీలో రోజూ చూస్తాడు, ఎప్పుడూ ఊపిరి బిగబట్టలేదు. ఇప్పుడు భయమూ భక్తీ ఒక్కసారే కలిగాయి. వంగి చూస్తున్నవాడు ఆవిడతో పాటే నిటారుగా అయ్యాడు.

మాస్టరమ్మ బట్టలు సర్దుకుని కర్ర అందుకుంది.

"పదయిందా బాబూ?" అని ఓనరుని అడిగింది.

"ఇంకా... ఇంకా రెండు నిమిషాలుందండీ" అని అతను దారి ఇచ్చాడు.

"అయితే బల్ల తుడిపించు."

ఆవిడ లోపలికి వెళ్ళింది. కత్తెర చప్పుడు వినిపించేదాకా అల్లుడు అలాగే నిలబడ్డాడు. తర్వాత చేతులు ముందుకి తెచ్చుకుని చూస్తే, మణికట్టు మీద తన వేళ్ళ అచ్చులే ఎర్రగా ఉన్నాయి.