నిదానంగా పంపండి

కోడుమూరులో శశికళ ఇంటి ముందుగదిలో రోజూ పని ఫోనుతోనే మొదలవుతుంది. రాత్రి వచ్చిన మెసేజీలన్నీ చదువుతుంది. "మేడమ్, నా చీర ఎప్పుడొస్తుంది?" అని ఎనిమిది మంది, "ఇంకా పంపలేదా?" అని ఐదుగురు, ఒట్టి ప్రశ్న గుర్తు పెట్టి ఊరుకున్నవాళ్లు ముగ్గురు. అందరికీ ఆమె "ఈరోజు పంపుతున్నామండీ" అనే రాస్తుంది. ఆ మాటలో నిజమెంతో రాసిన ఆమెకూ తెలుసు, చదివేవాళ్లకూ తెలుసు. ఆ తర్వాత కాఫీ తాగి, గోడవారగా పేర్చిన పార్శిళ్లను ఒక్కొక్కటే త్రాసు మీద పెడుతుంది.

కట్టిన రోజే తూచిన పార్శిల్‌ను మళ్లీ తూచడం దేనికంటే, ఆగిన పార్శిల్ బరువెక్కుతుంది. అవతల చీర కోసం కాచుకున్నవాళ్ల విసుగంతా వచ్చి దాంట్లో చేరుతుంది. కోడుమూరులో ఇది కొత్త సంగతేమీ కాదు. పోస్టాఫీసులో ఓబుళేశు త్రాసు ముల్లు చూసి, "అరకిలో చీర కిలో పైన తూగుతాండాది. ఎన్ని దినాలాయె అక్కా?" అని అడిగి, పెరిగిన బరువుకు కూడా కలిపి రసీదు కొట్టి ఇస్తాడు. బెంగళూరువాళ్ల పార్శిళ్లు మూడో రోజుకే బరువెక్కుతాయి. నంద్యాల టీచరమ్మలు వారం దాకా ఓర్చుకుంటారు. ఒకసారి ఒక పెళ్లిచీర ముహూర్తం దగ్గరపడేకొద్దీ బరువెక్కి, చివరికి ఇద్దరు మనుషులు మోకు కట్టి ఆటోలోకి ఎత్తాల్సి వచ్చింది.

అందుకే శశికళ ఒక పద్ధతి పెట్టుకుంది. రోజుకు ఆరో ఏడో పంపగలదు కాబట్టి, అన్నిటికంటే బరువైనవి ముందు పంపుతుంది. ఎక్కువ గొణిగినవాళ్లకు ముందు చేరుతుంది. ఓపికగా ఉన్నవాళ్లది అడుగున పడి ఉంటుంది. లోకంలో మిగతా పనులు జరిగే తీరు కూడా ఇదే కనుక, దీంట్లో తప్పుందని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

"పనికి మనుషులు దొరకడం లేదు" అని కనిపించినవాళ్లందరితో అంటుంది. దొరుకుతారు. నిలవరు. సాయంత్రం ఆరు గంటలకు పని అయిపోగానే గడప దగ్గర నిలబడి, ఎవరి టిఫిన్ డబ్బా వాళ్లు మూత తీసి శశికళకు చూపించాలి. కొంగు ఒకసారి దులపాలి. నాగలత అనే ఆమె నాలుగు నెలలు చూపించి, ఐదో నెల కర్నూలులో బట్టల షాపులో చేరింది. ఇంకొకామె బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీకి పోయింది. శశికళకు దీనివల్ల కలిగిన జ్ఞానం ఏమిటంటే, వాళ్లు ఏదో దాచుకోబట్టే పోయారని.

పదకొండేళ్లు నిలిచింది మల్లక్క ఒక్కతే. రోజూ డబ్బా మూత తీసి, "చూడు శశీ. చూస్తే గానీ నీకు నిద్ర పట్టదు" అని నవ్వేది. మల్లక్క చీర మడత మీద చేయి పెడితే చాలు, ఏ మగ్గం మీద నేసిందో, ఎక్కడ పోగు తెగిందో చెప్పేది. మూడు నెలల కిందట ఆమె కూడా పోయింది. ఆ సంగతి ఇట్లా జరిగింది.

సుబ్బయ్య అనే నేతగాడు చిలకపచ్చ చీరలకు ఎర్ర అంచు వేసి, ఒక మూట బస్సులో పంపించాడు. మల్లక్క బస్టాండుకు పోయి మూట దించుకుని వచ్చింది. శశికళ తానే మడతలు లెక్కపెట్టింది. ఐదు. ఫోను చేస్తే సుబ్బయ్య ఆరు పంపినానన్నాడు. శశికళ గట్టిగా ఏమీ అనలేదు. "దారిలో మూట యాడన్నా దించినావా మల్లక్కా?" అని మాత్రం అడిగింది. మల్లక్క చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు డబ్బా మూత తీయలేదు. తీయలేదు కాబట్టి చీర ఆమే తీసిందని శశికళ తేల్చుకుంది. వీధి వీధంతా అదే తేల్చుకుంది.

ఇప్పుడు మిగిలింది పద్మశ్రీ. ముప్పై దాటిన మనిషి, మొగుడు లారీ డ్రైవరు. పనికి కొత్త, మాట తక్కువ. ఇద్దరూ కలిసి పొద్దంతా చేసినా నలభై ఒక్క పార్శిళ్లు గోడవారన బరువెక్కుతూనే ఉన్నాయి. ఆ మూల గచ్చు కొంచెం కుంగింది కూడా. పద్మశ్రీ కూడా పోతే వ్యాపారం మూసుకోవాల్సిందే. ఆ సంగతి శశికళకు బాగా తెలుసు. తెలిసినా అనుమానం ఊరుకోదు కదా.

ఆ సోమవారం అన్నీ తూచి, చిట్టచివర అడుగున ఉన్న పార్శిల్ తీసింది. బేతంచెర్ల చిరునామా. సుప్రజ అనే ఆమెది. చిలకపచ్చ, ఎర్ర అంచు. కట్టిన రోజు అరకిలో అని పద్మశ్రీ పెన్సిలుతో రాసి ఉంది. ఇరవై ఆరు రోజులైంది. త్రాసు మూడు వందల గ్రాములు చూపించింది.

శశికళ త్రాసును తట్టి మళ్లీ పెట్టింది. మూడు వందలే.

పోస్టాఫీసుకు పోయినప్పుడు ఓబుళేశును అడిగింది. "పార్శిల్ బరువు తగ్గేది యాడన్నా చూసినావాప్పా?"

"నా సర్వీసులో చూడలేదక్కా. పెరిగేదే గానీ తగ్గేది లేదు. లోపల సరుకు ఉండాదో లేదో చూసుకో."

దారంతా శశికళ లోపల ఒకటే రుసరుస. కట్టింది పద్మశ్రీ. ఆ గదిలో తిరిగే ఇంకో మనిషి కూడా పద్మశ్రీయే. పైగా ఈ సుప్రజ ఎవరో, ఇరవై ఆరు రోజుల్లో ఒక్కసారి కూడా చీర ఏమైందని అడగలేదు. ఆమె పంపిన మెసేజీ ఒకే ఒకటి: "నిదానంగా పంపండి." శశికళ దాన్ని పదిసార్లు చదివింది. నిదానంగా పంపమనే కస్టమరు భూమ్మీద ఉంటుందా? ఖాళీ పార్శిల్ వస్తుందని ముందే తెలిసినవాళ్లు తప్ప అట్లా ఎవరు రాస్తారు? పద్మశ్రీ మొగుడి లారీ వారానికి రెండుసార్లు నేలకు పరిచే బండల కోసం బేతంచెర్లకే పోతుంది. శశికళ సుప్రజకు నాలుగుసార్లు ఫోను చేసింది. మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. ఆ ఎత్తకపోవడం కూడా ఆమె లెక్కలో సరిగ్గా కూర్చుంది.

సాయంత్రం పద్మశ్రీ డబ్బా చేతిలో పట్టుకుని గడప దగ్గరికి వచ్చేసరికి, శశికళ పార్శిల్‌ను బల్ల మధ్యలో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇది కట్టింది నువ్వే గదా?"

"నేనేక్కా."

"బరువు తగ్గింది."

పద్మశ్రీకి అర్థమైంది. చెవుల దాకా ఎర్రబడింది. డబ్బా కింద పెట్టి, "విప్పు అక్కా," అంది. "నా కండ్ల ముందరే విప్పు. విప్పి చూసినాక నేను ఈడ ఉండేదీ లేనిదీ నేను చెప్తా."

శశికళ కత్తెరతో కవరు కోసింది. చీర ఉంది. మురికి లేదు, చిరుగు లేదు. అయినా తృప్తి కలగక, సగం కత్తిరించారేమో అని మడత విప్పసాగింది. కొంగు వచ్చింది, ఒళ్లు వచ్చింది. మూర మీద మూర నేల మీద పడుతోంది. చీర అయిపోవాల్సిన చోట అంచు ఆగలేదు. జానెడు మేర అడ్డపోగు లేకుండా ఒట్టి నిలువుపోగులు వేలాడాయి. ఆ జానెడు దాటాక మళ్లీ చిలకపచ్చ మొదలైంది, మళ్లీ ఒక కొంగు, ఇంకో చీర.

నేతవాళ్ల ఇంట పుట్టిన శశికళకు అది ఏమిటో ఒకరు చెప్పాల్సిన పనిలేదు. మగ్గం మీద ఒకే పడుగుకు, అంటే ఒకేసారి చుట్టిన నిలువుపోగులకు, చీర తర్వాత చీర వరసగా నేస్తారు. చీరకూ చీరకూ నడుమ జానెడు ఖాళీ వదిలి, దించాక అక్కడ కత్తిరిస్తారు. ఇది కత్తిరించలేదు. రెండు చీరలు ఒకే మడతలో వచ్చాయి. కిలో తూగాల్సింది కట్టిన రోజుకే అరకిలో అయింది కాబట్టి పద్మశ్రీకి అనుమానం రాలేదు. తాను లెక్కపెట్టిన ఐదు మడతల్లో ఒకటి జంట. మూడు నెలలుగా ఆరో చీర ఈ గదిలోనే ఉంది.

ఆమె వెంటనే సుబ్బయ్యకు ఫోను చేసి చెప్పింది. అవతల సుబ్బయ్య నొచ్చుకున్నాడు. "కత్తిరించేది మా ఆమె పనిమ్మా. ఆ నెల ఆమె జరంతో పడుకొని ఉండె. మగ్గం, కత్తెర అన్నీ నేనొక్కన్నే. ఒకటి మర్సిపోయినట్టుండాను. అయినా మీ మల్లక్క చేయి పెట్టుంటే తెలిసిపోయేది గదా. ఎవరు లెక్కబెట్టినారు?"

"నేనే," అంది శశికళ.

"మొన్న కనపడిందమ్మా మల్లక్క. కొడుకు బేతంచెర్లలో బండల పాలిష్ మిషను కాడ ఉండాడంట. వాళ్లింట్లోనే ఉండాది. కోడలి పేరేందో చెప్పింది, సుప్రజనో ఏమో."

ఫోను పెట్టేసి శశికళ బల్ల మీది కవరు వైపు చూసింది. పదకొండేళ్లలో మల్లక్క కోడలి పేరు తానెప్పుడూ అడగలేదు. సిగ్గు అనేది ఇంతగా ఒళ్లు కాలుస్తుందని ఆమెకు నలభై ఐదేళ్లకు తెలిసింది. పద్మశ్రీ నేల మీది చీరను నెమ్మదిగా మడతపెట్టి బల్ల మీద పెట్టింది.

"రేపు నేను ఉండను. బేతంచెర్లకు పోయొస్తా," అంది శశికళ. "నువ్వు... వస్తావా?"

"వస్తా. డబ్బా మూత తీసేది లేదు."

"తీయొద్దులే."

మరుసటి రోజు రెండు బస్సులు మారి శశికళ బేతంచెర్లలో దిగింది. చెట్ల ఆకుల మీద, దుకాణాల బోర్డుల మీద బండల పొడి తెల్లగా పేరుకుని ఉంది. మిషన్ల మోతలో పక్కమనిషి మాట వినపడదు. సుప్రజ ఫోను ఎందుకు ఎత్తలేదో అప్పుడు అర్థమైంది. మళ్లీ కట్టి చంకలో పెట్టుకున్న పార్శిల్ దారంతా బరువే లేదు. బస్సు కిటికీ గాలికి ఎక్కడ ఎగిరిపోతుందో అని పట్టుకునే కూర్చుంది.

మల్లక్క ఇంటి ముందు వేరుశనక్కాయలు వలుస్తోంది. ఎవరొచ్చారో చూసి చాట పక్కన పెట్టింది. లేవలేదు.

"నువ్వే తెచ్చినావా? పోస్టులో పంపుంటే సరిపోయేది గదా."

శశికళ పార్శిల్ చాచింది. మల్లక్క అందుకుంది. అందుకోగానే దానికి అసలు బరువు వచ్చింది, మల్లక్క చేతులు రెండూ ఒడిలోకి వాలాయి. ఆమె కవరు విప్పలేదు. పైనుంచే ఒకసారి నిమిరి, కండ్లు మూసుకుంది.

"ఇది ఒకటి గాదు శశీ," అంది. "కత్తిరించలేదు."

శశికళ ఆమె పక్కనే అరుగు బండ మీద కూలబడింది. ఏడుపు వచ్చింది. మల్లక్క ఆపమనలేదు, ఓదార్చలేదు. కొన్ని కాయలు ఆమె ముందుకు తోసింది. ఇద్దరూ వలిచారు.

"కోడలి పేరున ఈ ఆర్డరు ఎందుకు పెట్టినావక్కా?"

"ఊర్లో అందరూ ఆ చీర నేను తీసుకున్నానంటిరి గదా. సరే, తీసుకుందామనుకుంటి. బిల్లుతో. కట్టుకొని మన వీధిలోనే ఈ కొస నుంచి ఆ కొసకు నడుద్దామనుకుంటి."

"మరి ఇన్ని దినాలూ ఒక్క మాటన్నా అడగలేదే. కోపం రాలేదా?"

"కోపం వచ్చె. నీ మీద శానా వచ్చె. చీర రాలేదని మాత్రం రాలేదు. ఆ గదిలో ఎన్ని చేతులుండాయో నాకు తెలీదా? పొద్దున లేసి ఒక్కదానివే ఎన్నని కట్టేది?"

లోపలికి పోయి కత్తెర తెచ్చింది. చీరలు విప్పి, జానెడు నిలువుపోగుల మీద కత్తెర ఆడించింది. ఒక చీర మడిచి తన ఒడిలో పెట్టుకుని, రెండోది శశికళ చేతికి ఇచ్చింది. "ఇది నాది, దుడ్లు కట్టినా. అది నీది. లెక్క సరిపోయింది."

"అక్కా, మళ్లీ రా."

"చూస్తాంలే," అంది మల్లక్క. ఆ మాటకు అర్థం వస్తాననీ కావచ్చు, రాననీ కావచ్చు.

శశికళ తిరిగొచ్చి పని తీరు మార్చింది. బరువైనవి కాకుండా ముందు వచ్చినవి ముందు పంపసాగింది. కస్టమర్లకు "ఇద్దరమే ఉన్నాం, పది రోజులు పడుతుంది" అని నిజం రాసింది. విచిత్రం, ఆ మాటకు సగం పార్శిళ్లు తేలికయ్యాయి. మల్లక్కకు మాత్రం ఫోను చేయలేదు. అడిగే హక్కు లేదనుకుంది. కానీ ప్రతి బస్సు మోతకూ తలెత్తి చూసేది. అన్నం తింటూ చూసేది. పద్మశ్రీ చూసీ చూడనట్టు ఊరుకునేది.

పన్నెండో రోజు ఉదయం వీధి మొదట్లో మల్లక్క కనిపించింది. చిలకపచ్చ చీర, ఎర్ర అంచు. రెండడుగులకొకసారి నిలబడి ఆయాసపడుతూ, వీధి ఈ కొస నుంచి నడిచి వస్తోంది. గడపల్లో కూర్చున్నవాళ్లందరూ చూశారు. ఆమె కూడా ఒక్కొక్కరినీ తీరిగ్గా చూసుకుంటూ వచ్చింది. వచ్చి శశికళ వాకిట్లో కూలబడింది.

"కండక్టరు లగేజీ టికెట్టు కొట్టినాడు శశీ. చేతిలో డబ్బా తప్ప ఏం లేదంటే, బస్సు ఒక పక్కకు వొరుగుతాండాది గదమ్మా అంటాడు. వారం నుంచి కాళ్లు ఎత్తలేకపోతాండా. నిన్న ఇంట్లో నేల బండ పగిలింది. చీర కోసం నేను తేలిగ్గా కాచుకుంటి గదా, నువ్వేం మనిషివి, నా కోసం ఇంత బరువుగానా కాచుకునేది?"

శశికళ నీళ్ల చెంబు అందించింది. ఆమె తాగేదాకా అక్కడే నిలబడింది. మల్లక్క చెంబు దించి లేచి నిలబడేసరికి, మామూలు మనిషిలాగే లేచింది. నేరుగా గదిలోకి పోయి కత్తెర ఎక్కడుందని అడిగింది.

ఆ రోజు ముగ్గురూ కలిసి పంతొమ్మిది పార్శిళ్లు కట్టారు. ఆరు గంటలకు పద్మశ్రీ డబ్బా ఊపుకుంటూ వెళ్లిపోయింది. మల్లక్క గడప దగ్గర ఆగి, పదకొండేళ్ల అలవాటు కొద్దీ డబ్బా మూత తీసి చాచింది.

శశికళ లోపలికి చూడలేదు. మూత పెట్టి, గట్టిగా నొక్కి, డబ్బాను ఆమె చేతిలో పెట్టింది.