గడియారాలాయన కరెంటు సైకిలు

ఆ ఊళ్ళో ఏడు పెద్ద గడియారాలున్నాయి. స్టేషను మీద ఒకటి, గ్రంథాలయం మీద ఒకటి, మిట్ట మీది బడికి ఒకటి, ఏటి ఒడ్డు ఆసుపత్రికి ఒకటి, మిగిలినవి ఊరికి ఆ కొసన. ప్రతి సోమవారం పొద్దున్నే వాటికి కీ ఇచ్చేది ఒకే మనిషి. ఆయన్ని అందరూ గడియారాలాయన అనేవారు. అరవై రెండేళ్ళు వచ్చేదాకా ఆ ఏడింటికీ పాత సైకిలు మీదే తిరిగాడు. ఆ ఏడాది చలి మొదలయ్యేసరికి మోకాళ్ళు మొరాయించాయి. ముందు బడి గడియారం ఆగింది. రెండు వారాలైనా ఆయన మిట్ట ఎక్కలేకపోయాడు.

భార్య చెల్లెలికి సైకిళ్ళ షాపుంది. మూడోవారం ఆవిడే వచ్చి బావని షాపుకి లాక్కుపోయింది. అక్కడ రెండు కరెంటు సైకిళ్ళున్నాయి, ఒకటి నల్లది, ఒకటి ఆకుపచ్చది.

"ఈ నల్లదానికి పిడి తిప్పితే చాలు బావా, కాలు కదపక్కర్లేకుండా పరిగెడుతుంది. అందుకే రూల్సు దీన్ని సైకిలనవు, మోటారు బండి అంటాయి. లైసెన్సు కావాలి, నంబరు ప్లేటు కావాలి. ఏటిగట్టు మీది సైకిళ్ళ దారిలోకి రానివ్వరు. పచ్చది మాత్రం సైకిలే. నువ్వు తొక్కితేనే మోటారు సాయం పడుతుంది. వేగం గంటకి ఇరవై అయిదు కిలోమీటర్లు దాటిందా, చెయ్యి వదిలేస్తుంది."

"సగం దారిలో చెయ్యి వదిలేసేదాన్ని ఎవరైనా ఏరికోరి తెచ్చుకుంటారా?"

"ముప్పై అయిదేళ్ళుగా మా అక్క నీ చెయ్యి వదల్లేదుగా, ఇంకా ఎంతమంది కావాలి నీకు?"

గడియారాలాయన పచ్చది పట్టుకున్నాడు. ఆవిడ వదల్లేదు. బ్యాటరీకి దాంతో వచ్చిన చార్జరే పెట్టమంది. చార్జింగు నిండగానే తీసెయ్యమంది. తడి నేల మీద ముందు బ్రేకు ఒక్కటే నొక్కితే బొక్కబోర్లా పడతావు, రెండూ కలిపి మెల్లగా నొక్కమంది. "హెల్మెట్ నెత్తిన పెట్టుకోడానికి బావా, హ్యాండిలుకి తగిలించడానికి కాదు" అని చివర్న చురక అంటించింది.

సోమవారం ఊరంతా మంచులో మునిగి ఉంది. ఆయన పెడలు మీద కాలు పెట్టి ఒక్కసారి నొక్కాడు. ఎవరో వీపు మీద అరచెయ్యి ఆనించి తోసినట్టయింది. ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. ఏటిగట్టు మీద చెట్లు ఒకదాని తర్వాత ఒకటి మంచులోంచి పుట్టి, పక్కనుంచి జారి, మళ్ళీ మంచులో కలిసిపోతున్నాయి. కలలో మనిషి మెట్లు దిగకుండానే కిందికి వచ్చేస్తాడే, అలా ఉంది ఆయనకి. మిట్ట ఎప్పుడెక్కాడో తెలీలేదు. బడి గడియారానికి కీ ఇచ్చి, ముల్లు సరిచేసి, అది గంట కొడుతుంటే కింద నిలబడి చిన్నపిల్లాడిలా నవ్వుకున్నాడు.

అయితే, ఇరవై అయిదు దగ్గర ఆ తోపు ఠక్కున తెగిపోయేది. మంచి నిద్రలో ఎవరో భుజం తట్టి లేపినట్టుండేది. నలభై ఏళ్ళుగా గడియారాల చక్రాలు విప్పి బిగించిన చేతులు, ఊరికే ఉంటాయా? ఒక ఆదివారం మధ్యాహ్నం భార్య కునుకు తీస్తుండగా సీటు కింది డబ్బా విప్పి, వేగానికి వేసిన కట్టు తీసేశాడు.

మర్నాడు పొద్దున ఆ కల తెగలేదు. గాలి చెవుల్లో హోరుమంటుంటే హెల్మెట్ అడ్డమనిపించి హ్యాండిలుకి తగిలించాడు. చప్పుడు లేని బండి, చుట్టూ మంచు. తాను ఉన్నాడో లేడో తనకే అనుమానమొచ్చేంత తేలిక. అంతలో మంచులోంచి ఒక తెల్లకర్ర, దాని వెనక ఒక ఆడమనిషి. ఆయన దొరికిన బ్రేకు దొరికినట్టు నొక్కాడు. ముందు చక్రం తడి ఆకుల మీద జారింది. బండి ఒకపక్క, ఆయన ఒకపక్క గడ్డిలో పడ్డారు. తల రాతి బల్లకి జానెడు దూరంలో ఆగింది.

"ఎవరది? దెబ్బ తగిలిందా?" అందామె, కర్రతో నేల తడుముతూ దగ్గరికొచ్చి.

"మణికట్టు కాస్త... మీకేం కాలేదు కదండీ?"

"గాలి తగిలింది, అంతే. నేను రోజూ ఈ దారినే వయొలిన్ పాఠాలు చెప్పడానికి వెళ్తాను. ఏ సైకిలైనా గొలుసు చప్పుడుతో పసిగడతాను. మీది పిల్లిలా వచ్చింది. మీరెవరు?"

"గడియారాలకి కీ ఇచ్చేవాణ్ణండీ."

వయొలిన్ టీచరు మెల్లగా అంది. "ఆ మధ్య బడి గంట ఆగిపోతే మూడు వారాలు నాకు పొద్దు తెలీలేదు. మళ్ళీ మోగిన రోజున కిటికీ తీసి విన్నాను. అది మోగించిన మనిషి మీరేనన్నమాట."

ఆమె తిట్టి ఉంటే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది.

బండి నడిపించుకుంటూ నేరుగా షాపుకెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాడు. మరదలు ముందు మణికట్టుకి గుడ్డ చుట్టింది. ఆ తర్వాత సీటు కింది డబ్బా విప్పింది.

"నువ్విది విప్పిన క్షణం నుంచీ ఇది సైకిలు కాదు బావా. నంబరు లేని దొంగబండి. ఆవిడకేమన్నా అయ్యుంటే ఏమని చెప్పేవాడివి?"

"గడియారంలో పళ్ళచక్రాన్ని ఆపి ఆపి వదిలే కొక్కెం ఒకటుంటుంది. అది తీసేస్తే వారం నడవాల్సింది నిమిషంలో గిర్రున తిరిగి చచ్చిపోతుంది. ఈ సంగతి నాకు తెలీదా? తెలిసీ..."

"తెలిసీ బుద్ధి గడ్డి తింది" అని ఆవిడే పూర్తి చేసింది. కట్టు మళ్ళీ వేసింది. హ్యాండిలుకి ఇత్తడి గంట బిగించింది. మణికట్టు మానేదాకా అక్కాచెల్లెళ్ళిద్దరే గడియారాలకి కీ ఇచ్చి వచ్చారు.

మళ్ళీ బండెక్కిన సోమవారం ఆయన గట్టు మలుపుకి ఎంతో ముందు నుంచే గంట కొట్టాడు. వయొలిన్ టీచరు పక్కకి జరిగి నిలబడింది.

"ఈసారి వినిపించారు. ఒకసారి ముట్టుకోవచ్చా?"

హ్యాండిలూ, సీటూ, బ్యాటరీ డబ్బా తడిమి చూసింది. "చిన్నప్పుడు మా అన్నయ్య వెనక కూర్చోబెట్టుకునేవాడు. ముందు కూర్చుని తొక్కడం ఎలా ఉంటుందో ఎరగను."

గడియారాలాయన వెనక చక్రం నేలకి తగలకుండా స్టాండు వేశాడు. కదలని బండే అయినా తన హెల్మెట్ ఆమెకి పెట్టి, పట్టీ బిగించి, సీటెక్కించి, హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాడు. ఆమె భయం భయంగా పెడలు నొక్కింది. మోటారు అందుకుంది. చక్రం గడ్డికి పైన గాల్లో తిరిగింది.

"ఎవరో తోస్తున్నారు" అంది, ముఖం పైకెత్తి.

"అవునండీ. నాకూ అలాగే అనిపించింది."

"ఎక్కడిదాకా వచ్చాం?"

ఆయన మంచులోకి చూశాడు. "ఆసుపత్రి దాటాం. ఎడమ పక్కన ఏరు. పడవ ఒకటి ఒడ్డుకి కట్టేసి ఉంది."

"తర్వాత?"

"తర్వాత మిట్ట."

"ఎక్కుదాం" అని ఆమె ఇంకాస్త బలంగా తొక్కింది. ఆయన హ్యాండిలు వదలకుండా, దారిలో ఏమేమి వస్తాయో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు.