కాగితం చొక్కాల దుకాణం

ఈ దర్జీ ఆట ఎవరు పెట్టారో వాళ్ళని నాలుగు తిట్టుకుందామంటే, పెట్టింది తనే కావడం టీచరుకి పెద్ద చిక్కయింది.

ఆటలో పెద్ద విశేషం లేదు. పాత వార్తాపత్రికలు, జిగురు సీసాలు, మొద్దు కత్తెరలు, దర్జీ టేపులా మెడలో వేసుకోవడానికి రిబ్బను ముక్కలు. ఐదేళ్ళ పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చుంటారు. ఒకరు దర్జీ, ఒకరు కస్టమరు. దర్జీ కాగితంతో చొక్కా చేసి ఇవ్వాలి. కస్టమరు దాన్ని తొడుక్కుని ముందు ఒక మంచి మాట చెప్పాలి, ఆ తర్వాత ఒక లోపం చెప్పాలి. దర్జీ అడ్డు రాకుండా విని సరిచేసి ఇవ్వాలి. ఎదుటివాళ్ళ పనిలో తప్పును నొప్పించకుండా చెప్పడం, తన పనిలో తప్పును ఎదుటివాళ్ళు చెబితే వినడం, రెండూ ఆటలోనే వచ్చేస్తాయని ఆమె ఆశ. మనసులో అనుకున్నప్పుడు ఎంతో ముద్దుగా ఉన్న ఆట, గదిలోకి వచ్చాక ఆమె తల ప్రాణం తోకకి తెచ్చింది.

"గుండీలు బాగున్నాయి," అన్నాడు ఆ రోజు కస్టమరు. అతన్ని క్లాసంతా పెద్దాయన అంటారు. ఎప్పుడో ఉద్యోగం చేసి రిటైరైనవాడిలా చేతులు వెనక్కి కట్టుకుని మాట్లాడతాడు. "సరే, మంచి మాట అయిపోయింది. ఇక అసలు సంగతికొద్దాం."

అసలు సంగతి దాకా రానిచ్చిందెవరు? ఎదురుగా ఉన్న దర్జీ, గువ్వ అని పిలిచే బక్కపిల్ల, చొక్కాని అతని ఒంటి మీదే పట్టుకుని నిలువునా చింపేసింది. చింపి, బల్ల కిందికి దూరి ఏడుపు లంకించుకుంది.

"నేనింకా ఏమీ అనలేదు టీచర్," అన్నాడు పెద్దాయన, సగం చొక్కాతో నిలబడి. "ఈ అమ్మాయి నన్ను మాట్లాడనివ్వదు."

రోజూ ఇదే వరస. క్లాసులో కాలరు వంకర పోకుండా కత్తిరించగలిగేది గువ్వ ఒక్కతే. ఆ పిల్ల చేసిన చొక్కా ఒక్కటంటే ఒక్కటి కూడా సాయంత్రం దాకా నిలవలేదు. టీచరు బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"అమ్మలూ, వాడు నిన్ను అనడం లేదురా. చొక్కాని అంటున్నాడు. వింటే నీకేమవుతుంది చెప్పు?"

ఈ మాట గోడకి చెప్పుకున్నా బాగుండేది. గోడ కనీసం ఏడవదు.

ఆయా చీపురుతో వచ్చింది. "ఈ కాగితాలు ఎత్తలేక నా నడుం పోతోంది అమ్మాయ్. చక్కగా అఆలు దిద్దించుకో. గదీ శుభ్రంగా ఉంటుంది, నోళ్ళూ శుభ్రంగా ఉంటాయి."

సాయంత్రం గువ్వని తీసుకెళ్ళడానికి వాళ్ళమ్మ వచ్చింది. మందుల షాపులో పని ఆమెకి. హెల్మెట్ చేత్తో పట్టుకునే గుమ్మంలో నిలబడింది.

"టీచర్ గారూ, ఏమీ అనుకోకండి. దీంతో ఇంట్లో వేగలేకపోతున్నాం. తప్పు పట్టనక్కర్లేదండి. పొద్దున పళ్ళు ఎంత బాగా తోముకున్నావే అన్నాను. అంతే, బ్రష్షు తీసి బకెట్లోకి విసిరికొట్టింది. మెచ్చుకున్నా ఏడిస్తే ఇంకేం మాట్లాడమంటారు? మీ ఆట మొదలయ్యాకే ఇదంతా. ఈ వారం చూస్తాను. లేకపోతే మా అక్క పిల్లలు చదివే బడిలో వేసేస్తాను. మీ మీద కోపం కాదు."

కోపం కాదంటూనే హెల్మెట్ పట్టీని టక్కుమని బిగించుకుంది. బండి కనుమరుగయ్యేదాకా టీచరు గేటు దగ్గరే నిలబడింది. ఆవిడ మీద చిరాకు, ఆట మీద చిరాకు. ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ, గువ్వ మీద కూడా కాస్త చిరాకే. అంత చక్కగా కత్తిరించే పిల్ల ఒక్క మాట వినడానికి ఇంత చేయాలా?

మర్నాడు పొద్దున్నే పెద్ద టీచరు పిలిపించారు.

"రామ్మా, కూర్చో. నీ క్లాసు చూశాను. పిల్లల బొమ్మలు వాళ్ళ కళ్ళకి అందే ఎత్తులో అతికించావు. ఇన్నేళ్ళ నుంచీ ఇక్కడ ఎవరికీ ఆ సంగతి తట్టలేదు."

టీచరు గుండెల్లో రాయి పడింది.

"పిల్లలకి నీ దగ్గర చనువు కూడా ఎక్కువే."

ఇంకో రాయి. ఇంత తీయగా మాట్లాడుతున్నారంటే వెనకాల ఎంత పెద్దది దాచిపెట్టారో. టీచరు చున్నీ చివర పట్టుకుని మెలిపెడుతూ కూర్చుంది. ఆవిడ చెప్పే మంచి ఒక్కటీ చెవికెక్కలేదు. ఆ రాబోయేదేదో త్వరగా వచ్చేస్తే బాగుండుననిపించింది.

వచ్చింది. "అయితే, ఆ దర్జీ ఆట సంగతి. గువ్వ వాళ్ళమ్మ నాకూ ఫోన్ చేసింది. ఇవాళొక్కరోజు చూడు. ఇవాళ కూడా ఆ పిల్ల ఏడిస్తే ఆట ఆపెయ్."

వరండాలోకి వచ్చాక టీచరు తన చేతుల వైపు చూసుకుంది. మెలిపెట్టి మెలిపెట్టి చున్నీ అంచు దారాలు ఊడొచ్చాయి. అక్కడే ఆగిపోయింది.

తను దారాలు పీకింది తిట్టినప్పుడు కాదు, పొగిడినప్పుడు. గువ్వ మాత్రం లోపం దాకా ఎప్పుడు ఆగింది కనుక? గుండీలు బాగున్నాయి అనగానే చింపింది. పళ్ళు బాగా తోముకున్నావు అనగానే బ్రష్షు విసిరింది. ముందు మంచి మాట, వెనక లోపం అని ఆ పిల్ల చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది ఎవరు? తనే. మెచ్చుకోవడం నేర్పుతున్నానని మురిసిపోయింది. తీరా చూస్తే మెచ్చుకోలుని కొట్టే ముందు ఎత్తిన చెయ్యిలా తయారు చేసి పెట్టింది. బల్ల కింద ఏడవాల్సింది తనే అనుకుంది. ఒళ్ళు మండిపోయింది తన మీద తనకే.

"ఇవాళ ఎవరూ మంచి మాట చెప్పనక్కర్లేదు," అంది క్లాసులోకి వెళుతూనే.

"అదే నయం," అన్నాడు పెద్దాయన. "టైము కలిసొస్తుంది."

"చెడ్డ మాటా వద్దు. చొక్కా తొడుక్కుని రోజూ చేసే పనులు చెయ్యండి. చేతులెత్తండి, వంగండి, కూర్చోండి. ఎక్కడ ఇబ్బందిగా ఉందో దర్జీకి చూపించండి. చాలు."

గువ్వ కొత్త చొక్కా చేసింది. పెద్దాయన తొడుక్కున్నాడు. అప్పుడే గువ్వ వేళ్ళు కాగితం అంచు మీద సిద్ధంగా ఉన్నాయి. దగ్గరికి వెళ్ళబోయిన టీచరు, కాళ్ళని బలవంతాన కిటికీ దగ్గరే ఆపుకుంది.

పెద్దాయన చేతులెత్తాడు. కాగితం పెళపెళలాడింది. చేతులు సగంలో ఆగిపోయాయి.

"ఇక్కడ పట్టేస్తోంది," చంక చూపించాడు. "నేను బస్సులో పైన కడ్డీ పట్టుకోవాలి."

"నువ్వు బస్సులో కూర్చునే వస్తావు. నేను చూశాను," అంది గువ్వ.

"ఒక్కోసారి సీటు దొరకదు."

గువ్వ మెడ వంచి అతని చంక కిందికి చూసింది. అంచు గట్టిగా పట్టుకుంది. మూలన ఆయా చీపురందుకుని "మళ్ళీ మొదలు" అని గొణిగింది. పర్రుమని కాగితం చిరిగిన చప్పుడు. టీచరు కళ్ళు మూసుకుంది.

ఏడుపు వినబడలేదు. కళ్ళు తెరిచి చూస్తే చొక్కా చొక్కాలాగే ఉంది. చంక దగ్గర మాత్రం గుండ్రంగా చిరిగింది. గువ్వ నాలుక బయటపెట్టి, ఆ గుండ్రాన్ని వేలితో ఇంకాస్త పెద్దది చేస్తోంది.

"ఎత్తు."

ఎత్తాడు. చేతులు రెండూ నిటారుగా పైకి వెళ్ళాయి.

"వచ్చాయి. ఇప్పుడు మెడ దగ్గర గుచ్చుకుంటోంది. వెనకాల పొడుగెక్కువైంది. జేబు లేదు. జేబు లేకుండా ఏం చొక్కా ఇది?"

"ఆగు," గువ్వ విసుక్కుంది. "ఒకటి అయ్యాక ఒకటి చెప్పు. ముందు మెడ. ఇలా తిరుగు."

పెద్దాయన బుద్ధిగా తిరిగాడు. ఆయా చీపురు గోడకి ఆనించింది. "పెద్ద టీచరుకి చెప్పి రానా?" అని మెల్లగా అడిగింది.

"సాయంత్రం దాకా ఆగండి," అంది టీచరు.

శభాష్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది ఆమెకి. దాన్ని మింగేసి, వెళ్ళి జిగురు సీసాని గువ్వ చేతికి అందేలా జరిపింది. జేబుకి కావాలి కదా.