సభ నవ్వింది

నగరి మగ్గాల వీధుల్లో చిన్నపిల్లలకు టీకాలు వేయించడానికి కొత్త దారి చూపినందుకు వనజాక్షికి చిత్తూరులో సన్మానం ఏర్పాటు చేశారు. ఆమె ఆ వీధులకు నర్సు. ఆ దారి చెప్పుకుంటే చిన్నదే. పవర్‌లూములు ఆడుతున్నంతసేపూ తల్లులు నూలు కండెలు చుట్టడం వదిలి సూది కోసం రాలేరు. అందుకని లైన్ల మరమ్మతుకు కరెంటు తీసేసే రోజు చూసుకుని ఆమే టీకాల పెట్టెతో వీధిలోకి వెళ్లేది. ఎవరిదో ఒకరి షెడ్డు అరుగు మీద కూర్చుని పిల్లలకు సూదులు వేసేది. మర్నాడు పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి ఎవరికైనా జ్వరం తగిలిందేమో చూసి వచ్చేది. ఏడాది తిరిగేసరికి ఆ వీధుల్లో టీకా పడని బిడ్డ దాదాపు లేకుండా పోయింది.

"అంకెలు చదవొద్దమ్మా, అందరూ నిద్రపోతారు. ఒక సంగతి చెప్పు. గుర్తుండిపోవాల," అన్నాడు ఆమె పైఅధికారి డాక్టరు మోహన్‌కృష్ణ, సభకు బయల్దేరేటప్పుడు.

వనజాక్షి పూతలపట్టు దగ్గరి పల్లెలో సేద్యగాళ్ల ఇంట్లో పుట్టి పెరిగింది. మైకు ముందు నిలబడడం ఆమెకు అదే మొదలు. మొదటి నాలుగు మాటలూ ఎవరూ వినలేదు. వేదిక మీద కూర్చున్న పెద్దమనిషి ఫోను చూసుకుంటున్నాడు. ముందు వరసలో ఇద్దరు ఏదో మాట్లాడుకుంటున్నారు. అప్పుడు లోకేశ్వరి గుర్తొచ్చింది.

"మా వీధిలో ఒక తల్లి ఉండేది," అంది. "నేను వస్తున్నానని తెలిస్తే చాలు, బిడ్డను కండెల బుట్టలో పడుకోబెట్టి పైన పాత చీర కప్పేసేది."

పెద్దమనిషి తలెత్తాడు.

"'బిడ్డ యాడమ్మా' అంటే, 'యాడ బిడ్డ నర్సమ్మా, బుట్టలో నూలు ఉండాది' అనేది. ఆ మాట అంటా ఉండంగానే బుట్ట ఏడ్చింది!"

సభ గొల్లుమంది. ఆ నవ్వు వనజాక్షికి చల్లటి మజ్జిగ తాగినట్టు అనిపించింది. ఇంకొంచెం చెబితే ఇంకా నవ్వుతారనిపించింది.

"ఏమిటికమ్మా ఈ భయం అని అడిగితే, పెద్దోడికి ఎప్పుడో సూదేసిన కాలు వాచిందంట. అప్పుడేం చేసిందో తెలుసునా? ఆస్పత్రికి పోలేదు. పుత్తూరుకు ఎత్తుకుపోయి కట్టు కట్టించుకొచ్చింది!"

విరిగిన ఎముకలకు కట్టే పుత్తూరు కట్టు తెలియనివాళ్లు ఆ హాల్లో ఎవరున్నారు? ఈసారి వేదిక మీది వాళ్లు కూడా బల్లలు చరిచి నవ్వారు. వాళ్లతోపాటు నవ్వుతూనే వనజాక్షి హాలు నాలుగు వైపులా చూసింది. గోడ పక్కన, నగరి నుంచి వ్యానులో తీసుకొచ్చిన తల్లుల మధ్య లోకేశ్వరి కూర్చుని ఉంది. ఒళ్లో చిన్నది భవిత. పని వదిలి ఆమె వస్తుందని వనజాక్షి అనుకోలేదు. పక్కనున్న ఆడవాళ్లు ఆమె వైపే తిరిగి చూస్తున్నారు. లోకేశ్వరి కూడా నవ్వుతోంది. అందరూ చూస్తున్నారు కాబట్టి పెదాల మీద నిలబెట్టుకున్న నవ్వు అది.

తరవాత ఏం మాట్లాడిందో వనజాక్షికి గుర్తులేదు. శాలువా కప్పారు. జ్ఞాపిక చేతికిచ్చారు. ఫొటోలయ్యాక పరుగున బయటికి వచ్చేసరికి వ్యాను వెళ్లిపోయింది.

ఆ మాటలను ఎవరో ఫోనులో తీశారు. రెండు రోజుల్లో నగరి అంతా తిరిగాయి. ఆ సంగతి వీధిలో ఆశా కార్యకర్తగా పనిచేసే నిస్సీ చెప్పింది.

"నువ్వు పేరు చెప్పలేదక్కా. అయినా మన వీధోళ్లకు తెలీదా? లోకేశ్వరక్క వాళ్లాయన ధనంజయన్నను టీ అంగట్లో 'ఈ పొద్దు బుట్టలో ఏముండాదప్పా' అని అడిగినారంట. ఆయన టీ తాగకుండానే వచ్చేసినాడు." నిస్సీ అడిగింది. "వాళ్లు నిజంగా కట్టు కట్టించినారా అక్కా?"

వనజాక్షి టీకాల రిజిస్టరు తీసి ముందు వేసుకుంది.

కట్టు కట్టించలేదు. ఆ సంగతి వనజాక్షికి బాగా తెలుసు. కిందటేడు ఒక మధ్యాహ్నం మగ్గాలు ఆగి వీధంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, లోకేశ్వరి ఆమెను లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి చెప్పింది. పెద్దవాడు పునీత్ చంటివాడుగా ఉన్నప్పుడు సూది వేసినచోట గడ్డలేచింది. సూదేసిన అప్పటి నర్సుకు చూపిస్తే, "బిడ్డను సరిగ్గా ఎత్తుకోవడం రాదా, పిసికినట్టుండావే" అని పదిమందిలో కసిరింది. మళ్లీ ఆమె మొహం చూడలేక, అత్త చెప్పిందని పుత్తూరు తీసుకుపోయింది. అక్కడి వైద్యుడు కాలు పట్టి చూసి, ఇది ఎముక బాధ కాదు, చీము పట్టింది, ఉన్నపళంగా పెద్దాసుపత్రికి పొమ్మని తానే ఆటో ఎక్కించాడు. ఆస్పత్రిలో కోసి చీము తీశారు. బిడ్డ బతికాడు. తన చేతగానితనం వల్లే బిడ్డ కాలు అట్లా అయిందని లోకేశ్వరి ఇన్నేళ్లూ అనుకుంటూ ఉంది. "అది నీ తప్పు కాదమ్మా" అని మొదటిసారి చెప్పిన మనిషి వనజాక్షే. ఆ రోజే భవితకు మొదటి సూది వేయించుకుంది.

అంత కథలో ఒక్క ముక్క కోసి, దానికి లేని కట్టు కట్టి, సభకు పంచిపెట్టింది తను. అది తలుచుకున్నప్పుడల్లా వనజాక్షి సిగ్గుతో చచ్చిపోయేది. జ్ఞాపికను అత్తగారు టీవీ పక్కన పెడితే, తీసి బీరువాలో దాచింది.

ఆ వారమే ధనంజయ షెడ్డుకు వెళ్లింది. ఆమెను చూసి ధనంజయ మగ్గం ఆపాడు. "రామ్మా, కూసో," అన్నాడు మర్యాదగానే. కానీ మొహం తిప్పుకుని నూలు చిక్కు తీయడంలో పడ్డాడు. లోకేశ్వరి లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"తప్పయిపోయింది లోకేశ్వరీ. నేను అట్లా చెప్పుండకూడదు."

"బిడ్డను బుట్టలో దాచింది నిజమే కదక్కా. దానికి నవ్వినారు, నవ్వనీ. నాకే నవ్వొస్తాది." లోకేశ్వరి గొంతు పెంచలేదు. "కట్టు కట్టలేదని నీకు చెప్పినా కదా. పుత్తూరాయన పొమ్మన్నాడని కూడా చెప్పినా. మా ఇంట్లోవోళ్లకు, నీకు తప్ప ఎవురికీ చెప్పలే."

"తెలుసు."

"మరి ఏమిటికి అట్లా చెప్పినావు?"

వనజాక్షి దగ్గర సాకులు లేకపోలేదు. డాక్టరు చెప్పమన్నాడు, భయపడ్డాను, ఎవరూ వినలేదు. అవన్నీ పక్కన పెట్టింది.

"అందరూ నవ్వతా ఉంటే బాగుండింది. అందుకని," అంది చివరికి.

లోకేశ్వరి ఆమెను తేరిపార చూసింది. "నిజం చెప్పినావులే," అని లోపలికి వెళ్లిపోయింది. ఎప్పుడొచ్చినా కాఫీ తాగందే కదలనివ్వని మనిషి ఆ పూట ఆ మాటే ఎత్తలేదు. ధనంజయ మళ్లీ మగ్గం వేశాడు. ఆ చప్పుడులో వనజాక్షి బయటికి నడిచింది.

తరవాతి నెల తిరుపతిలో ఇంకా పెద్ద సభ జరిగింది. "ఆ బుట్ట కథ తప్పకుండా చెప్పాల," అని మోహన్‌కృష్ణ కారులో రెండుసార్లు గుర్తుచేశాడు.

"అది నేను కల్పించి చెప్పినాను సార్. ఆ తల్లి కట్టు కట్టించలేదు."

"ఎవరు చూడొచ్చినారమ్మా అదంతా?"

మైకు ముందు వనజాక్షి ఏ తల్లి కథా చెప్పలేదు. "చిత్తూరులో నేను ఒక తల్లి గురించి లేనిది చెప్పి నవ్వించినాను," అని మొదలుపెట్టింది. "సూది వేసిన తరవాత మేము తిరిగి చూడకపోవడం వల్ల వచ్చిన భయం అది. తప్పు మాది. మర్నాడు ఇంటికి పోయి చూడడం మొదలుపెట్టింది అందుకే." ఎవరూ నవ్వలేదు. మర్యాదకు చప్పట్లు కొట్టారు. తిరుగు దారిలో డాక్టరు ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఈ సంగతి లోకేశ్వరికి చెప్పాలని వనజాక్షికి నోటిదాకా వచ్చింది. చెబితే దానికీ మెప్పు అడిగినట్టవుతుందని తోచి, తనమీద తనకే రోత పుట్టింది.

భవితకు తరవాతి సూది వేయాల్సిన రోజు వచ్చింది. మిగిలిన తల్లులందరూ అరుగు దగ్గరికి వచ్చారు. లోకేశ్వరి రాలేదు. పని ముగించుకుని వనజాక్షి వాళ్లింటికి వెళ్లింది. భవిత గుమ్మంలో కూర్చుని ఖాళీ కండెలు దొర్లిస్తోంది. ఆమెను చూడగానే ఎత్తుకోమని చేతులు చాపింది. వనజాక్షి ఎత్తుకోలేదు.

"సూది ఏపిచ్చేసినా అక్కా," అంది లోకేశ్వరి. "మా అమ్మోళ్లుండేది ఏర్పేడు పక్కన. ఆడికి పోయి ఏపిచ్చుకోనొచ్చినా."

వనజాక్షికి ప్రాణం కుదుటపడింది. వెంటనే ఆ ప్రయాణం కళ్ల ముందు కదిలింది. చంటిదాన్ని చంకనేసుకుని, కూలి పోగొట్టుకుని, బస్సులు మారి అంత దూరం. తన మొహం చూడకుండా ఉండటానికి.

"జ్వరం వచ్చిందా?"

"కొంచెం. తగ్గిపోయిందిలే."

వనజాక్షి వెనుదిరుగుతుంటే లోకేశ్వరి గుమ్మం దిగి వచ్చింది.

"అక్కా, నీమీద నాకు కోపం లేదు. నువ్వొస్తే ఆ హాలు గుర్తొస్తాది, అంతే. ఇంకమీదట మా ఇంటికి నిస్సీని పంపు."

"సరేమ్మా," అంది వనజాక్షి.

వీధి చివర నిస్సీ టీకాల పెట్టె భుజానికి వేసుకుని ఎదురు చూస్తోంది. ధనంజయ వాళ్ల ఇల్లు ఇక నువ్వే చూసుకోవాలని వనజాక్షి చెప్పింది. ఇద్దరూ పక్క వీధిలోకి నడిచారు.