గడప దాటిన సామాను

భూదేవి పాత సామాను ఏరుకుని బతికే మనిషి. పొద్దున్నే నర్సింహులపేట దిక్కు నుంచి బయలుదేరి, ఒక్కో ఊరి పొలిమేరలో గంప దించుకుని, కొంగుతో మొహం తుడుచుకుని కూర్చునేది. కేక వేయడం ఆమెకు అలవాటు లేదు, అవసరమూ లేదు. ఊళ్లో పగిలినవీ విరిగినవీ వాటంతట అవే ఆమె దగ్గరికి వచ్చేవి. అరిగిపోయిన నాగలి కర్రు దొర్లుకుంటూ వచ్చేది. చిరిగిన బొంత పాక్కుంటూ వచ్చేది. అడుగు ఊడిన బొక్కెన ఒకటి కుక్కలను అదిలిస్తూ మరీ వచ్చింది. రేగులకుంట జనం వాటికి దారి వదిలి తమ పని తాము చూసుకునేవాళ్లు. ఆ వెనకాలే ఆడవాళ్లు వచ్చి భూదేవి ఇచ్చే ఉప్పో ఉల్లిగడ్డో కొంగులో పోసుకుని పోయేవాళ్లు.

దీనికి ఉన్నది ఒకటే కట్టుబాటు. ఇంటి యజమాని తన చేత్తో గాని కాలితో గాని ఆ వస్తువును గడప దాటించాలి. లోపలున్నంత వరకు అది ఎంత పగిలినా ఆ ఇంటిదే, మూలన పడి ఉండాల్సిందే. దాటిందా, ఇక దాని మీద ఆ ఇంటికి హక్కు లేదు, దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఒకసారి కమ్మరి భిక్షపతి పెళ్లాం మీద కోపంతో చెవి విరిగిన ఇత్తడి గుండిగను బయటికి విసిరాడు. కోపం చల్లారాక, అయ్యో అత్తగారు పెట్టిన గుండిగ అని ఉరికిపోయి పట్టుకున్నాడు. గుండిగ ఆగలేదు. అతన్ని కూడా ఊరి నడుమ నుంచి బోర్లా ఈడ్చుకుపోయి భూదేవి కాళ్ల దగ్గర పడేసింది. "నిన్ను గూడ తూకమెయ్యాల్నా బిక్షపతీ?" అని ఆమె అడిగిందని ఊరు చాన్నాళ్లు నవ్వుకుంది.

కష్టమల్లా మోతలోనే ఉంది. వచ్చిన సామాను గంపలో పట్టేది కాదు. ఆ గంప నెత్తిన పెట్టుకుని, సేటుకు అమ్మడానికి భూదేవి మానుకోట దాకా నడిచేది. చూస్తుండగానే ఆమె మెడ భుజాల్లోకి కుంగిపోయింది. అది చూసి వడ్రంగి పని చేసే వడ్ల ఓదెలు ప్రాణం ఊరుకోలేదు.

"అక్కా, నీకు బండి చేసిస్త" అన్నాడు.

"ముందుగాల గడిల వెట్టి ఒడిసినంక చెప్పు తమ్మీ" అంది భూదేవి.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. ఓదెలు తాత, దొర ఉండే కోటలాంటి గడికి తలుపులు చెక్కుతూ పోయాడు. తండ్రి గడి బండ్లకు ఇరుసులు వేస్తూ పోయాడు. ఓదెలుకు తలుపులూ ఇరుసులూ రెండూ మీద పడ్డాయి, కూలి మాత్రం ఎవరికీ లేదు. గడి నుంచి పిలుపొస్తే చేతిలో ముద్ద విడిచి పోవాలి. దొర చుట్టాలకు గడి చూపిస్తూ, "గివి మా ఎడ్లు, గది మా కచ్చురం, గీడు మా వడ్లోడు" అని వరసగా చెప్పేవాడు. ఆ వరసలో నిలబడినప్పుడల్లా ఓదెలుకు తన బాడిస ఎత్తి నేలకేసి కొట్టాలనిపించేది. కొట్టేవాడు కాదు.

చక్రాలు మాత్రం దొర పుణ్యమే. ఆయన తిరిగే కచ్చురం బండికి కొత్త చక్రాలు వేశాక పాతవి గడి వాకిట్లో అడ్డంగా పడి ఉన్నాయి. ఒకనాడు దొర కాలికి తగిలాయి. తిట్టుకుంటూ ఆయనే వాటిని గడప అవతలికి తన్నాడు. రెండు చక్రాలూ లేచి, జోడు మేకల్లా ఊరి మధ్య నుంచి పొలిమేరకు దొర్లిపోయాయి. జనం చూశారు, ఎప్పుడూ చూసేదే కదా అని ఊరుకున్నారు.

ఓదెలు చేసిన మొదటి బండి ఎందుకూ పనికిరాలేదు. పుట్టి బుద్ధెరిగాక అతను చేసింది ఎడ్లబండ్లే. దాన్నే చిన్నగా చేసి భూదేవి ముందు పెట్టాడు. ఆమె నాలుగడుగులు లాగి దించేసింది.

"బరువంత ముందటికే వస్తున్నది గదరా! ఎద్దుకు మూపురముంటది. నాకున్నదా?"

ఓదెలు సిగ్గుతో చచ్చిపోయాడు. మర్నాడు ఆ బండి నిండా ఇనుము వేసుకుని తనే గూడూరు ఎత్తు ఎక్కించాడు. వాగు ఇసుకలో చక్రం కూరుకుపోయింది, ఎత్తు సగం ఎక్కేసరికి చేతులు లాగేశాయి, ఊపిరి పీల్చుకుందామని ఆగితే బండి వెనక్కి జారి మోకాలి చిప్ప అదరగొట్టింది. కుంటుకుంటూ ఇంటికొచ్చి పని మొదలుపెట్టాడు. ఇరుసును సరిగ్గా బరువు కిందికి జరిపాడు. ఇప్పుడు లాగడమే తప్ప మోయడం లేదు. చక్రం అంచుకు తుమ్మచెక్క కట్టి వెడల్పు చేశాడు, ఇసుకలో దిగదు. ఎత్తి పోసే శ్రమ లేకుండా బండి అడుగు మోకాలెత్తుకు దించాడు. లాగేందుకు చేతులతో పాటు ఎదురొమ్ముకు తోలుపట్టా పెట్టాడు. వెనక ఒక కర్రను వేలాడదీశాడు. ఎత్తులో బండి ఆగితే అది నేలలో గుచ్చుకుని వెనక్కి జారనివ్వదు.

భూదేవి బండిని ఊరి చుట్టూ ఒక తిప్పు తిప్పి వచ్చింది. ఓదెలు తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడింది.

ఆ ఏడు రజాకార్లు ఊళ్ల మీద పడి తగలబెడుతున్నారు. గంగారం అడవుల్లో సంఘం వాళ్లు దళాలు కట్టారు. భూదేవి తెచ్చిన ఇనుములో సగం మానుకోట చేరడం మానేసింది. భిక్షపతి కొలిమిలో అది బరిసె ములుకులయ్యేది. ములుకులు చిరుగు బట్టల కింద పడుకుని గూడూరు ఎత్తెక్కి అడవికి పోయేవి. మనుషులే తిరగలేని రోజుల్లో పాత గుడ్డల బండిని ఆపి చూసేదెవరు?

దసరా నాడు గుట్టు బయటపడింది. ఎవరు చెప్పారో తెలియదు. పొద్దెక్కేసరికి దొర పిలిపించిన రజాకార్లు కమ్మరింట్లో దూరారు. భిక్షపతి పనిముట్లు కడిగి కుంకుమ పెడుతున్నాడు. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే కాల్చారు. అడ్డమొచ్చిన పెళ్లాన్ని తుపాకి మడమతో నోటి మీద కొట్టారు. ఆమె పళ్లు పూజ పళ్లెంలో రాలాయి. అక్కడి నుంచి ఓదెలు ఇంటికొచ్చి, పూజలో పెట్టిన బాడిసనూ చెక్క సుత్తినీ ఊడబెరుక్కుని, అతని మెడకు తాడేసి గడికి ఈడ్చుకుపోయారు.

గడి వాకిలి అలికి ముగ్గులేసి ఉంది. దొర పట్టు ధోవతితో అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమ్రా, నా కచ్చురం గీరల మీద సంఘం లంగల సామాను తిప్పుతరా? ఆ ముసలిది ఏ తొవ్వల పోతది? ఎవలకు ఇస్తది?"

"నాకెర్క లేదు దొరా."

రజాకార్ల జమాదారు ఓదెలు కుడిచేతిని చెక్కదిమ్మ మీద పెట్టించాడు. అది ఓదెలు రోజూ పని చేసే దిమ్మే. సుత్తీ అతనిదే. బొటనవేలు మీద మొదటి దెబ్బ పడింది. ఎముక పటుక్కుమంది. ఏ సాధనాన్నీ ముట్టకూడని రోజున తన సుత్తి తన మీదే లేచిందని ఓదెలుకు ఏడుపొచ్చింది.

"బోల్! బండి ఏ రాస్తాల పోతది?"

ఓదెలు నోరు విప్పలేదు. భూదేవి మధ్యాహ్నం వస్తుంది. దసరాకు ఇల్లిల్లూ దులుపుతారు, అన్నిటికంటే ఎక్కువ సామాను ఆ రోజే. తుపాకి చప్పుడు విని వెనక్కి మళ్లితే బాగుండు అని మొక్కుకుంటున్నాడు. వేలు తర్వాత వేలు నుజ్జయింది. కుడిచెయ్యి అయ్యాక ఎడమచెయ్యి పెట్టించారు. రెండుసార్లు స్పృహ తప్పితే నీళ్లు కొట్టి లేపారు. చివరికి చేతులు రెండూ దంచిన మాంసంలా వేలాడుతున్నాయి. నెత్తురు చిమ్మి ముగ్గు మీద పడింది.

దొర మొహం చిట్లించాడు. "పండుగ పూట నా వాకిట్ల నెత్తురేందయ్యా? గిప్పుడు వీడు నాకు దేనికక్కరకొస్తడు? బయట కాల్చున్రి."

ఓదెలు లేవలేకపోయాడు. రజాకార్లు ఈడ్చి గడప దాకా తెచ్చారు. గడి గడప ఎత్తైనది, ఓదెలు తాత చెక్కిందే. ఓదెలు అక్కడ ఇరుక్కుపోయాడు. దొర విసుగ్గా దిగివచ్చి, ధోవతి కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, అతని నడుము మీద కాలు మోపి అవతలికి తన్నాడు.

ఓదెలు మట్టిలో బోర్లా పడ్డాడు. తుపాకి బిగించిన చప్పుడు వినిపించింది. అదే సమయానికి దూరంగా, పొలిమేరలో, బండి నొగలు నేలకు దించిన చప్పుడు కూడా వినిపించింది. ఆ చప్పుడు అతను ఎక్కడున్నా గుర్తుపడతాడు. రాకూడదనుకున్న మనిషి వచ్చింది.

ఓదెలు కదిలాడు. లేవడమూ కాదు, పాకడమూ కాదు. ఒళ్లు అతన్ని అడగకుండానే దొర్లడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత ఆ పాత చక్రాలు పోయినంత జోరుగా. గడి ముందు ఉన్న పనిమనుషులు అలవాటుగా దారి వదిలారు. దొరకు అప్పుడు అర్థమైంది.

"పట్టుకోన్రి! వాడు నా వడ్లోడు!" అని అరిచాడు.

ఇద్దరు రజాకార్లు ఓదెలు కాళ్లు పట్టుకున్నారు. భిక్షపతిని గుండిగ ఈడ్చినట్టే అతని ఒళ్లు వాళ్లనూ ఈడ్చింది. ఒకడి దవడ రాతికి తగిలి ఊడింది, రెండోవాడు మోచేతులు చీరుకుపోయి విడిచేశాడు. జమాదారు కాల్చాడు. గుండు ఓదెలు పిక్కలోంచి దూసుకుపోయింది. పగిలినదాన్ని ఇంకాస్త పగలగొడితే ఆగుతుందా? ఓదెలు ఊరు దాటి, చేను గట్లు దాటి, వచ్చి బండి పక్కన ఆగాడు.

బండి అడుగు మోకాలెత్తే కాబట్టి భూదేవి ఒక్కతే అతన్ని లోపలికి దొర్లించగలిగింది. చిరుగు బట్టలు కప్పి తోలుపట్టా ఎదకు తగిలించుకుంది. వాగు ఇసుకలో చక్రాలు దిగలేదు. గూడూరు ఎత్తులో ఆమె ఆయాసపడి ఆగినప్పుడల్లా వెనక కర్ర నేలలో గుచ్చుకుని బండిని పట్టి ఉంచింది. వెనక రేగులకుంట కాలుతున్న పొగ లేచింది. వెంటపడిన వాళ్లు వాగు దాకా వచ్చి, అడవి వైపు చూసి, ఆగిపోయారు. భూదేవి ఒక్కసారి తిరిగి పొగ వంక చూసింది. వెక్కి వెక్కి ఏడుస్తూనే లాగింది.

చెట్ల గుంపులోకి వచ్చాక బండి ఆపి, ఓదెలు నోట్లో నీళ్లు పోసింది.

"తమ్మీ, బతికున్నవా?"

"కుడి గీర కిర్రుమంటున్నదక్కా. ఆముదం పెట్టు."

ఆమె కళ్లు తుడుచుకుని నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఓదెలు తన చేతుల వంక చూసుకున్నాడు. అవి ఇక బాడిస పట్టవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కాని అతను ఏడ్చింది చేతుల కోసం కాదు.

"మా తాత గా గడపల్నే సచ్చిండు. మా నాయిన గా గడపల్నే సచ్చిండు. నన్ను దొరే అవతలికి తన్నిండక్కా. తన కాలుతోటి తన్నిండు."

"మరి నిన్ను ఏ సేటుకు అమ్మాల్రా ఇగ?"

"ఎవలకొద్దు. నన్ను దించు. బండ్లు నేను చెప్త, నువ్వు చెక్కు."

"జర సేపు పండుకో" అంది భూదేవి, అతని పిక్కకు కట్టు కట్టడానికి కొంగు చింపుతూ.

ఓదెలు వినలేదు. మోచేతుల మీద బలం పెట్టి లేచి, మంచి కాలు ముందు దించి, చెట్టుకు ఆనుకుని నిలబడ్డాడు. భూదేవి కొంగు చింపడం ఆపి చూసింది. ఇన్నేళ్లలో ఆమె గంపలో గాని బండిలో గాని ఎక్కిన ఏ సామానూ తనంతట తాను దిగలేదు. ఓదెలు దిగాడు.