గదిలో ఉన్నవాళ్లు రాసిన పాట

పాట పుట్టేటప్పుడు గదిలో ఎవరుంటే వాళ్లందరూ ఆ పాట రాసినట్టే. చుక్క పాటలు రికార్డు చేసే చోట ఇదే చట్టం. ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాడికి సొంతంగా ఒక్క వాక్యం రాయడం కూడా చేతకాదని మాత్రం ఒట్టేసి చెప్పవచ్చు.

చుక్క అంటే గాయని. అది అభిమానులు పెట్టిన పేరు. గొంతు మంచిదే, అందులో అబద్ధం లేదు. మిగతా వాటిలో ఉంది. తన పాటలన్నీ తనే రాసుకుంటానని ఆవిడ ఊరూరా చెబుతుంది. ఎలా రాస్తుందంటే, ఎవరో రాసి తెచ్చిన కాగితం అందుకుని, కళ్లు మూసుకుని, ఏదో ఒక మాట మీద వేలు పెట్టి, "ఇది నాకు లోపలికి దిగడం లేదు" అంటుంది. ఆ మాట తీసి ఇంకో మాట పెడతారు. దాంతో ఆవిడ రచయిత్రి. ట్యూన్ మాస్టరు హార్మోనియం ముందు కూర్చుని "లలల్లా లల్లా" అని దారి చూపించాడు కాబట్టి ఆయనా రచయితే. మేనేజరు తల ఊపుతూ "బావుంది బావుంది" అన్నాడు. ఆ ప్రోత్సాహమే లేకపోతే పాట ముందుకు కదిలేదా? ఆయనా రచయితే. చుక్కకు జడ వేసే అమ్మాయి ఎక్కడో ఒక చోట కిసుక్కున నవ్వుతుంది. ఆ నవ్వు వల్ల గదిలోకి హుషారు వచ్చింది గనుక ఆమె పేరు కూడా ఎక్కుతుంది. ఆ పిల్ల నాకెందుకండీ అని మొదట్లో సిగ్గుపడింది. ఇప్పుడు పేరు మర్చిపోతే అలుగుతోంది.

ఇంతకీ నిజంగా రాసేదెవరంటే, జింగిలక్క.

రేడియోలో, టీవీలో ప్రకటనలకు జింగిల్స్, అంటే చిన్న చిన్న పాటలు రాయడం ఆవిడ వృత్తి. ఆ పేరు అలా వచ్చిందే. సబ్బులు, తలనూనెలు, కుక్కర్లు, దోమల మందు. ఏ స్నానాలగదిలో ఎవరు ఒంటికి నురగ పట్టించుకుంటూ కూనిరాగం తీసినా, సగంసార్లు అది ఆవిడ రాసినదే. ప్రకటనలకు రాసినవాళ్ల పేరు వేయరు, సబ్బు పేరు వేస్తారు. అలా పేరు లేకుండా రాసీ రాసీ, ఒక్క పాట కిందైనా తన పేరు అచ్చులో చూసుకోవాలన్న కోరిక ఆవిడ కడుపులో పుండులా తయారైంది. చుక్క దగ్గరికి వచ్చింది అందుకే.

ఆ రోజు ట్యూన్ మాస్టరు లలల్లాలతో తెల్లారినప్పటి నుంచి గదిలో తిరుగుతున్నాడు. మాట పడటం లేదు. గోడల నిండా నల్ల స్పాంజి, ఊపిరాడని ఏసీ, నడుం కుంగిపోయిన సోఫా. జింగిలక్క ఆ సోఫా చేతి మీద ఒక పక్కగా కూర్చుని, బ్యాగులోంచి బిల్లు కాగితం ఒకటి తీసి, దాని వెనకాల ఆగకుండా రాసేసింది.

కోటు విప్పకు సామీ, కోటు విప్పకు
ముందరంతా ఇస్త్రీ, వెనకంతా ముడత
నవ్వేది లోకానికి, కసిరేది ఇంటికి
కోటు విప్పకు సామీ, కోటు విప్పకు

మాస్టరు పాడి చూశాడు. గది మొత్తం ఒక్కసారి ఉలిక్కిపడింది. జడ పిల్ల నవ్వింది. ఆ నవ్వు మాత్రం నిజమైనదే.

మేనేజరు వెంటనే, "అక్కా, కాస్త కింద షాపులో దీన్ని శుభ్రంగా ప్రింటు తీయించి తెస్తారా? మన మిషను మళ్లీ మొరాయించింది" అన్నాడు. ప్రతిసారీ ఆ మిషను ఆ సమయానికే మొరాయిస్తుంది. ఆవిడ మెట్లు దిగి, షాపులో నిలబడి, మెట్లెక్కి వచ్చేలోపు చుక్క "సామీ" మీద వేలు పెట్టి "బాబూ" చేసింది. పేర్ల కాగితం మీద సంతకాలు కూడా అయిపోయాయి. రచన అన్నచోట చుక్క, మాస్టరు, మేనేజరు, జడ పిల్ల. కాఫీ మిషను బాగుచేసినతనికీ, కారు డ్రైవరుకీ మధ్య, కృతజ్ఞతల్లో, జింగిలక్క.

"మరి నేను?" అంది ఆవిడ.

"మీరు గదిలో లేరు కదక్కా."

"పంపింది నువ్వేగా!"

"నేనే పంపాను, కాదనడం లేదు. కానీ లేరు కదా. రూలంటే రూలే. ఇవాళ మీకోసం వంచితే రేపు లిఫ్టు నడిపేవాడు కూడా పెన్ను పట్టుకుని వస్తాడు."

చుక్క ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "మీలాంటివాళ్ల ఆశీర్వాదమే కదా నా బలం" అంది. ఆశీర్వాదం ఎప్పుడిచ్చిందో జింగిలక్కకు గుర్తు రాలేదు.

ఇంటికొచ్చి మొగుడికి చెప్పుకుంది. ఆయన ఫర్నిచర్ షోరూంలో అమ్మకాల మనిషి. షోరూంలో కోటు తప్పనిసరి. అందుకని పొద్దున్నే చొక్కాకు కాలరూ, ఛాతీ, చేతుల అంచులూ, కోటులోంచి జనానికి కనిపించే మేరకు ఇస్త్రీ చేసుకుంటాడు. వీపు జోలికి పోడు. "కనపడని దానికి కరెంటు దండగ" అంటాడు. సోఫా కొనడానికి వచ్చినవాళ్ల పిల్లల్ని కూడా అండీ అని పిలిచే ఆ మనిషి, ఇంటికొచ్చి కోటుతో పాటు ఆ మర్యాదను కూడా వంకీకి తగిలిస్తాడు. పాట పుట్టింది ఎక్కడినుంచో ఇక విడమరిచి చెప్పక్కర్లేదు. చెప్పవలసింది ఆయనొక్కడికే.

"పాట నువ్వు రాశావా? పేరుందా?" అన్నాడు.

"లేదు."

"పేరు లేకుండా రాయడమేంటే? నేను కుర్చీ అమ్మితే బిల్లు మీద నా పేరుంటుంది."

ఆడపడుచు ఫోనులో ఇంకో ఆకు ఎక్కువే చదివింది. "నువ్వు రాశావా వదినా? అలాగే, అయితే పాడింది నేనేలే!"

పాట బయటికొచ్చింది. జనం నెత్తిన పెట్టుకున్నారు. బస్సుల్లో అదే, జిమ్ముల్లో అదే, కూరగాయల బళ్ల దగ్గర అదే. జింగిలక్క మొగుడైతే ఇస్త్రీ చేసుకుంటూ అదే పాడతాడు. కాలరు మీద పెట్టె జరుపుతూ "ముందరంతా ఇస్త్రీ" అని రాగం తీసి, చొక్కా తొడుక్కుంటూ "వీడెవడో గానీ భలే దొరికాడే చుక్కకి!" అని పగలబడి నవ్వుతాడు. ఆవిడ కోపాన్ని పంటి బిగువున ఆపుకుని కాఫీ ఇచ్చి లోపలికి పోతుంది.

చుక్క అంతటితో ఊరుకుంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది. ఆవిడ ఒక టీవీ ముఖాముఖిలో కూర్చుని, ఇది నా గుండె కోసి రాసిన పాట అంది. కన్నీళ్లు తుడుచుకుంది. అవి వచ్చేదాకా ఆగకుండానే తుడుచుకుంది, అది వేరే సంగతి. "ఆ కోటు మనిషి ఎవరు మేడమ్?" అని యాంకరు గుచ్చి గుచ్చి అడిగింది. "పేరు చెప్పను. పెద్దింటివాడు. నన్ను నవ్విస్తూ ముంచాడు" అంది చుక్క. ముంచినవాడూ లేడు, మునిగిందీ లేదు. ఖాళీ పాటకంటే కన్నీటి పాట ఎక్కువ ఆడుతుందని మేనేజరు నేర్పిన పాఠమది.

అభిమానులకు వేరే పనేముంది? పాత ఫోటోలన్నీ తవ్వి పోశారు. చుక్క పాటలు అమ్మే కంపెనీ యజమాని అల్లుడు ఏదో విందులో కోటు తీసి చేతిమీద వేసుకుని, చుక్క పక్కన నిలబడ్డ ఫోటో ఒకటి దొరికింది. వీపంతా ముడతలు. కారు సీటుకు ఆనుకుని కూర్చుంటే ఎవరి చొక్కా అయినా నలుగుతుంది. ఆ మాట అభిమానులకు చెప్పేదెవరు? ఆ అల్లుడు కనపడితే చాలు, వెనకనుంచి "కోటు విప్పకోయ్" అని కూతలు. యజమాని కూతురు మొగుడి మీద ఒంటికాలిమీద లేచి, పెట్టె సర్దుకుని పుట్టింట్లో దిగింది.

యజమాని నలుగురు రచయితల్నీ తన గదికి పిలిపించాడు. బల్లమీద పేర్ల కాగితం పెట్టి, "ఇది రాసిందెవరు?" అన్నాడు. గొంతు పెంచలేదు.

మొన్నటిదాకా ఇదే కాగితం పట్టుకుని ఫోటోలు దిగినవాళ్లు. జడ పిల్ల అందరికంటే ముందు తేరుకుంది. "నేను నవ్వానంతే సార్. అసలు నాకు జలుబు."

"నాది లలల్లా సార్" అన్నాడు మాస్టరు. "లలల్లాలో ఎవర్నీ తిట్టలేం కదా."

"నేను బావుందని కూడా అనలేదు" అన్నాడు మేనేజరు. "బావుందా అని అడిగాను."

అందరూ చుక్క వైపు తిరిగారు. ఆవిడ కాగితాన్ని వేలితో అవతలికి నెట్టింది. "అంకుల్, నేను మార్చింది ఒక్క మాట. సామీ అని ఉంటే బాబూ అన్నాను. అది మర్యాదే కదా?"

"మరి గుండె కోసి రాశానన్నావు?"

"ఇంటర్వ్యూల్లో అలాగే అంటారండీ."

రాయలేదని నలుగురిచేతా సంతకాలు పెట్టించుకున్నాడు పెద్దాయన. రాసింది ఎవరన్న మాటకు నాలుగు నోళ్లూ ఒకేసారి, "జింగిలక్క!" అన్నాయి. ఆవిడ పేరు ఆ కంపెనీలో అంత గట్టిగా వినపడటం అదే మొదటిసారి.

మర్నాడు ఆదివారం పొద్దున యజమాని కూతురు మేనేజరును వెంటబెట్టుకుని జింగిలక్క ఇంటికే వచ్చింది. మేడమీద రెండు గదుల వాటా. ఆదివారం షోరూంకి గిరాకీ ఎక్కువ కాబట్టి మొగుడుగారు కోటు వేసుకుని, అద్దం ముందు దువ్వెనతో కుస్తీ పడుతున్నాడు.

"కోటు విప్పకు పాట రాసినావిడ ఇల్లు ఇదేనాండీ?" అన్నాడు మేనేజరు.

ఆయన కుర్చీ అమ్మేటప్పటి నవ్వు నవ్వాడు. "పొరపాటు పడ్డారండీ. అది చుక్క రాసింది. మా ఆవిడవి సబ్బు పాటలు."

జింగిలక్క చేతులు తుడుచుకుంటూ ఇవతలికి వచ్చింది.

"మీరే రాశారా?" అంది యజమాని కూతురు.

"నేనే."

"మా ఆయన మీదేనా?"

"మీ ఆయన్ని నేను చూడనే లేదమ్మా."

"మరెవరి మీద? రుజువేంటి? రుజువు లేకపోతే ఈ సాయంత్రానికి పాట ఎక్కడా వినపడదు. మా నాన్న తీయించేస్తారు."

"చెప్పేయండక్కా" అన్నాడు మేనేజరు. "మీకేం కావాలంటే అది."

"రచన దగ్గర నా పేరు. నా ఒక్కదాని పేరు."

మేనేజరు నీళ్లు నమిలాడు. "అంటే, మిగతావాళ్లు కూడా..."

"ఏ మిగతావాళ్లు?" అంది యజమాని కూతురు. "నిన్న మేం కాదు మేం కాదని సంతకాలు గీకారుగా, నీతో సహా! రుజువు చూపించండక్కా, పేరు మీదే."

జింగిలక్క మొగుడి వైపు చూసింది. ఒక్క క్షణం ఆవిడకు జాలేసింది కూడా. పరాయివాళ్ల ముందు నిలబెట్టడం ఏం బావుంటుంది? కానీ "మా ఆవిడవి సబ్బు పాటలు" అన్న మాట ఇంకా గుమ్మంలోంచి కదల్లేదు.

"ఏవండీ, ఆ కోటొకసారి తీయండి."

"ఇప్పుడెందుకే? టైమవుతోంది."

"తీసి, అటు తిరగండి."

పెద్దింటి మనిషి ఎదురుగా ఉంది, పెళ్లాంతో వాదిస్తే చులకన. తీశాడు. తిరిగాడు. ముందువైపు కత్తిలా మడతలు తేలిన ఆ చొక్కా, వెనకవైపు ఉండచుట్టి పారేసిన కాగితంలా ఉంది.

యజమాని కూతురు చూసింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది. గుమ్మం పట్టుకుని కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఈయన మీదా! ఈ మనిషి మీదా! నేనేమో మా ఆయన్ని..." అని మళ్లీ నవ్వింది.

మొగుడుగారికి మెల్లగా వెలిగింది. మొహం నల్లబడింది. "అంటే... ఆ పాట నా మీదా? నన్ను బజారుకీడ్చావా? నా పరువేం కావాలే!"

"పరువేంటి సార్?" అన్నాడు మేనేజరు. వాడి వృత్తే అది. "దేశం దేశమంతా మీ గురించే పాడుతోంటే!"

"దేశమంతానా?"

"చంటిపిల్లలతో సహా."

ఆయన అద్దంలోకి చూసుకున్నాడు. మొహం మీది నలుపు ఎప్పుడు పోయిందో పోయింది. కోటు మళ్లీ తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"అయితే నా పేరేదండీ మరి? వీపు నాది. చొక్కా నాది. నేనే లేకపోతే ఈవిడ దేనిమీద రాసేది, స్టూలు మీదా? రాసినవాళ్లలో నా పేరు కూడా ఉండాలి. ముందుండాలి."

మేనేజరు అలవాటుకొద్దీ జేబులోంచి పేర్ల కాగితం, పెన్ను తీశాడు. జింగిలక్క ఆ పెన్ను అందుకుంది.

"పాట పుట్టినప్పుడు ఆయన గదిలో లేరు" అంది. "రూలంటే రూలే. రచన అన్నచోట నా పేరు నేనే రాస్తాను. దాని కింద 'ఎవరి మీద' అని పెట్టి ఆయన పేరు, ఉద్యోగం, షోరూం అడ్రసు వేయండి."

"అదీ! అదే కావాలి నాకు" అంది యజమాని కూతురు. "ఊరందరికీ తెలియాలి."

"ఎవరి మీద అంటే," అన్నాడు మొగుడు అనుమానంగా, "హీరో కిందే లెక్కా?"

"ఇంకెవరి కింద లెక్క? మీరే" అంది జింగిలక్క.

"ఫోటో వేస్తారా?"

"వెనకనుంచి తీస్తే తప్పకుండా వేయిస్తాను" అంది యజమాని కూతురు.

ఆయన ఆలోచించాడు. ఒప్పుకున్నాడు. కానీ ఒక్క విషయంలో మాత్రం పట్టుబట్టాడు. "నా పేరు అక్షరాలు ఈవిడ వాటికంటే పెద్దవి ఉండాలి. ఇంటి యజమానిని. చిన్నగా వేస్తే ఊరుకోను."

మేనేజరు జింగిలక్క వైపు చూశాడు. ఆవిడ తన పేరు రాసి ఉన్న వరుసను ఇంకోసారి చదువుకుంటోంది. తలెత్తకుండానే అంది:

"వేయండి, పెద్దగానే వేయండి. కళ్లజోడు లేనివాళ్లు కూడా చదవాలి."