నుదురు లేని పటం

నేను ఒక కళ్ళ కుంచెను. ఉడుత తోక వెంట్రుకలు కొన్ని, వాటిని బిగించిన రేకు, సన్నటి చెక్క పిడి, అంతే నా ఆస్తి. పాలకొల్లులో చిత్రకారుడు సోమలింగం చేతికి వచ్చిన నాటి నుంచీ నాది ఒకటే పని, పోయినవాళ్ళకు కళ్ళు దిద్దడం.

ఊళ్ళో ఎవరైనా కాలం చేస్తే పెద్దకర్మ నాటికి పటం కావాలి కదా! బంధువులు రేషన్ కార్డు మీది గోరంత ఫోటో పట్టుకుని పరుగెత్తుకొచ్చేవారు. చీరా, జుట్టూ పెద్ద కుంచెలతో పూర్తిచేశాక సోమలింగం చివర్న నన్ను తీసేవాడు. కంటిపాపలో నేను తెల్లచుక్క పెట్టగానే అందరూ ఘొల్లుమనేవారు. బతికుండగా ఆ కళ్ళలోకి ఎందరు చూశారో గానీ, పటంలో కాస్త మెల్ల వచ్చినా ఊరుకునేవారు కాదు.

ఆదివారాలు మాత్రం అతను తన కోసం వేసుకునేవాడు. ముఖాలుండవు, చెట్లుండవు, ఉత్త రంగులు. ఆ రోజు నాకు సెలవు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండేది.

"ఇందులో మనిషేదండీ?" అని నవ్వేది భార్య కనకరత్నం.

"ఉందే. ముఖమే లేదు," అనేవాడు.

ఏటా దసరాకి ఆమె కుంచెలన్నిటికీ బొట్లు పెట్టేది. నా పిడి సన్నం కాబట్టి నాకు చిటికెనవేలితో పెట్టేది. ఎదురుగా తిరిగే మనిషికి బొమ్మెందుకనుకున్నాడేమో, అతను ఆమెను ఒక్కసారీ వెయ్యలేదు.

మొన్న శ్రావణంలో ఆమె జ్వరంతో పోయింది. పెళ్ళి ఫోటోలోని బెదురుచూపుల పిల్ల ఆమెలా లేదంటూ అతను పదిరోజులూ కాన్వాసు ముందే కూర్చున్నాడు. నన్ను తీశాడు, తడిపాడు, పెట్టేశాడు. ఎన్నిసార్లో! ఆమె కళ్ళు నాకు తెలుసు. చెయ్యి కదలందే నేనేం చెయ్యగలను? చివరికి పెద్ద కుంచెతో పసుపూ, మధ్యలో ఆమె చీర ఆకుపచ్చా పరిచేశాడు.

పెద్దకర్మ నాడు ఆ పటానికి దండ వేశారు. కనకరత్నం తల్లి సత్తెమ్మ వేలికి కుంకుమ అద్దుకుని ముందుకొచ్చి ఆగిపోయింది.

"బొట్టెక్కడెట్టమంటారు బాబూ?"

"ఎంత గింజుకున్నా ముఖం రావట్లేదండి అత్తయ్యగారూ. రంగులే వత్తన్నాయి."

అతను నన్ను అందుకున్నాడు. పటం దాకా ఎత్తాడు గానీ, నేను బెత్తెడు దూరంలోనే ఆగిపోయాను. సత్తెమ్మ నన్ను అతని వేళ్ళలోంచి మెల్లగా తీసుకుంది.

"ఏటా దీనికెట్టేది మా పిల్ల," అంటూ ఆ బొట్టు నా పిడికే పెట్టింది.

అప్పట్నుంచీ పటం కిందే ఉన్నాను. నా వెంట్రుకలు బిరుసెక్కాయి. ఊరందరికీ కళ్ళు దిద్దినదాన్ని, నాకు బొట్టు పెట్టిన మనిషికి దిద్దలేకపోయాను.